ఇంట్లో గర్భిణి ఉంటే చేపలు మానేయాలా? పాదరసం, ఫార్మాలిన్, యాంటీబయాటిక్స్ గురించి వివరంగా

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. మీ భార్యకు మూడో నెల. ఇంట్లో ఐదేళ్ల పాప ఉంది. చేపల్లో పాదరసం, ఫార్మాలిన్, యాంటీబయాటిక్స్ ఉంటాయని చదివి ఇంట్లో చేపలు పూర్తిగా మానేశారు. బాగా కడిగి, బాగా ఉడికిస్తే ఇవన్నీ పోతాయా? సముద్రపు చేప మేలా, పెంచిన చేప మేలా?

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. చేపలు మానేయకండి, ఏ చేప తింటున్నారో చూసుకోండి. ఇక కడగడం, ఉడికించడం మీద ఎక్కువ నమ్మకం పెట్టుకోకండి. మీరు భయపడుతున్న వాటిలో చాలావరకు వాటితో పోవు.

సీఫుడ్‌లో రసాయన అవశేషాలు పరీక్షించే ల్యాబ్‌లో చాలా ఏళ్లు పనిచేశాను. "చేపలు సేఫేనా అండీ?" అని తెలిసినవాళ్లు అడిగినప్పుడల్లా, ఏ చేప, ఏ భాగం, ఎవరు తినడానికి అని నేను తిరిగి అడుగుతాను. జవాబు దాటవేయడానికి అలా అడగను. ఒక్కో రసాయనం చేపలోకి ఒక్కో దారిలో వస్తుంది, దాని ఒంట్లో ఒక్కో చోట నిలుస్తుంది. కొన్ని కండలో, కొన్ని కొవ్వులో, కొన్ని కడుపులోని అవయవాల్లో. అది ఎక్కడ ఉందో తెలిస్తే కడిగితే పోతుందా, కోసి పారేస్తే పోతుందా, అసలు ఆ చేప జోలికే వెళ్లకూడదా అన్నది మీకే తేలిపోతుంది.

పాదరసంతో మొదలుపెడతాను, గర్భిణి విషయంలో అన్నిటికన్నా ముఖ్యమైనది అదే. బొగ్గు కాల్చడం వల్ల, చిన్న చిన్న బంగారు తవ్వకాల వల్ల, కొంత అగ్నిపర్వతాల వల్ల పాదరసం గాల్లోకి చేరి మళ్లీ నీళ్లలోకి దిగుతుంది. ఆ రూపంలో ఉన్నంతవరకు చేప ఒంటికి అది పెద్దగా పట్టదు. నీటి అడుగున ఆక్సిజన్ అందని బురదలో బతికే కొన్ని రకాల బ్యాక్టీరియా దాన్ని మిథైల్ మెర్క్యురీగా మారుస్తాయి. చిక్కంతా అక్కడే మొదలవుతుంది. మిథైల్ మెర్క్యురీ ప్రొటీన్లలోని సిస్టీన్ అనే భాగాన్ని గట్టిగా పట్టుకుంటుంది. ఒంట్లోకి తేలిగ్గా చేరుతుంది, బయటికి మాత్రం చాలా నెమ్మదిగా పోతుంది. దాన్ని పీల్చుకున్న సూక్ష్మమైన నాచును చిన్న జీవులు తింటాయి, వాటిని చిన్న చేపలు, చిన్న చేపలను పెద్ద చేపలు. ప్రతి మెట్టు దగ్గరా మోతాదు పెరుగుతూ పోతుంది. చివరికి పెద్ద వేటచేప కండలో అది చుట్టూ ఉన్న నీటిలో కన్నా లక్షల రెట్లు ఎక్కువగా ఉంటుంది.

అందుకే చేప ఏ దుకాణంలో కొన్నారు, ఎంత తాజాగా ఉంది అన్నవాటికి పాదరసంతో సంబంధం లేదు. ఆ జాతి ఎంత పెద్దగా పెరుగుతుంది, ఎన్నేళ్లు బతుకుతుంది, ఏం తిని బతుకుతుంది అన్నవే లెక్క. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ చాలా ఏళ్లుగా సేకరించిన సగటు అంకెలు చూడండి. కిలోకు మిల్లీగ్రాముల్లో చెప్తున్నాను. కవళ్లలో, అంటే సార్డీన్లలో, 0.013. నెత్తళ్ల జాతి ఆంకోవీల్లో 0.016. సాల్మన్‌లో 0.022. రొయ్యల్లో ఇంకా తక్కువ. డబ్బాలో వచ్చే లైట్ ట్యూనాలో 0.126, ఆల్బకోర్ ట్యూనాలో 0.350. పెద్ద కళ్ల ట్యూనా అని పిలిచే బిగ్‌ఐలో 0.689. కింగ్ మాకెరెల్‌లో 0.730. సొరలో 0.979, కత్తిచేపలో 0.995. మొదటి చేపకూ చివరి చేపకూ మధ్య తేడా 70 రెట్లకు పైనే.

ఈ అంకెలను మనిషి ఒంటికి అన్వయించి చూద్దాం. ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ ఎఫ్ఏఓ, ప్రపంచ ఆరోగ్య సంస్థ డబ్ల్యూహెచ్ఓ కలిసి నడిపే జెక్ఫా అనే నిపుణుల సంఘం 2003లో మిథైల్ మెర్క్యురీకి ఒక హద్దు పెట్టింది. వారానికి, శరీర బరువులో ప్రతి కిలోకు 1.6 మైక్రోగ్రాములు. అంతకుముందు అది 3.3 ఉండేది. కడుపులోని బిడ్డ మెదడును దృష్టిలో పెట్టుకునే దాన్ని సగానికి తగ్గించారు. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2012లో ఇంకా తగ్గించి 1.3 అంది. 60 కిలోల మనిషికి జెక్ఫా లెక్క ప్రకారం వారానికి 96 మైక్రోగ్రాములు. వంద గ్రాముల కత్తిచేప ముక్కలో దాదాపు 100 మైక్రోగ్రాములు ఉంటాయి. అంటే వారం మొత్తం కోటా ఒక్క పూటలో అయిపోయింది. అదే వంద గ్రాముల కవళ్లలో 1.3 మైక్రోగ్రాములు. రోజూ తిన్నా హద్దులో పదో వంతు దగ్గరే ఉంటారు. మీ ఇంట్లో అందరూ ఈ ఒక్క లెక్క గుర్తుపెట్టుకుంటే పాదరసం గురించిన టెన్షన్ చాలావరకు తీరిపోతుంది.

ఇక కడగడం సంగతి. మిథైల్ మెర్క్యురీ ఉండేది కండలోని ప్రొటీన్‌లో. ఉప్పునీళ్లలో నానబెట్టినా, నిమ్మరసం పట్టించినా, ఎంతసేపు వేయించినా అది కదలదు. చర్మం తీసినా లాభం లేదు. వండినప్పుడు నీళ్లు ఆవిరైపోయి ముక్క బరువు తగ్గుతుంది కాబట్టి గ్రాముకు లెక్కేస్తే వండిన ముక్కలోనే కాస్త ఎక్కువ కనిపిస్తుంది. ఇదే కారణంతో ఒక మంచి విషయం కూడా ఉంది. పాదరసం కొవ్వులో ఉండదు కాబట్టి చేపనూనె మాత్రల్లో అది దాదాపు ఉండదు. ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పాలి. కాడ్ లివర్ ఆయిల్‌లో విటమిన్ ఎ ఎక్కువ, గర్భిణికి అది మోతాదు మించితే బిడ్డకు హాని. డాక్టరు చెప్పకుండా అది వద్దు.

పాదరసం అనగానే అందరికీ జపాన్‌లోని మినమాటా గుర్తొస్తుంది. చిస్సో అనే కంపెనీ కర్మాగారం 1932 నుంచి 1968 దాకా పాదరసం కలిసిన వ్యర్థాలను సముద్రపు ఖాతంలోకి వదిలింది. ఆ జబ్బును అధికారికంగా గుర్తించింది 1956లో. అక్కడ గుండె పిండేసే విషయం ఏమిటంటే, తమలో లక్షణాలు పెద్దగా కనిపించని తల్లులకు కూడా తీవ్రమైన నాడీ లోపాలతో పిల్లలు పుట్టారు. మిథైల్ మెర్క్యురీ మాయను దాటి బిడ్డకు చేరుతుంది, బొడ్డుతాడు రక్తంలో అది తల్లి రక్తంలో కన్నా ఎక్కువగానే ఉంటుంది. గర్భిణులకు విడిగా సలహాలు ఇవ్వడం వెనక ఉన్న కారణం ఇదే. అయితే మినమాటాలో జనం తిన్నది కర్మాగారపు విషంతో నిండిన చేపలను, అదీ రోజూ. మామూలు సముద్రపు చేపను ఆ కళ్లతో చూడకూడదు.

మామూలు మోతాదులో ఏమవుతుంది అన్నదానిమీద రెండు పెద్ద అధ్యయనాలు ఉన్నాయి. ఉత్తర అట్లాంటిక్‌లోని ఫారో దీవుల్లో తల్లులకు పాదరసం ఎక్కువగా పైలట్ తిమింగలం మాంసం నుంచి అందింది. అక్కడి పిల్లల్లో జ్ఞాపకశక్తి, ఏకాగ్రత, భాష విషయాల్లో చిన్నపాటి లోటు కనిపించింది. హిందూ మహాసముద్రంలోని సీషెల్స్ దీవుల్లో తల్లులు దాదాపు రోజూ రకరకాల సముద్రపు చేపలు తింటారు. అక్కడి పిల్లల్లో అలాంటి హాని స్పష్టంగా కనిపించలేదు. తిమింగలం మాంసంతో పాటు పీసీబీలు అనే పారిశ్రామిక రసాయనాలు కూడా వెళ్లడం, చేపతో పాటు మంచి కొవ్వులు వెళ్లడం ఈ తేడాకు కొంత కారణమని చాలామంది నిపుణుల అభిప్రాయం. నాకూ అదే సబబుగా తోస్తుంది. బిడ్డ మెదడుకు, కంటికి కావలసిన డీహెచ్ఏ అనే కొవ్వు చేపలో ఉన్నంతగా మరే ఆహారంలోనూ తేలిగ్గా దొరకదు, చేపలో అయోడిన్ కూడా ఉంటుంది. 2010లో ఎఫ్ఏఓ, డబ్ల్యూహెచ్ఓ నిపుణుల సమావేశం కూడా లాభనష్టాలు బేరీజు వేసి, ఎక్కువ సందర్భాల్లో తల్లి చేప తినకపోవడం కన్నా తినడమే బిడ్డ మెదడు ఎదుగుదలకు మేలని తేల్చింది. అందుకే పూర్తిగా మానేయడం సురక్షితమైన దారి అని నేను అనను. దానివల్ల నష్టమూ ఉంది, కంటికి కనిపించదంతే.

డయాక్సిన్లు అంటే చెత్త కాల్చినప్పుడు, కొన్ని పరిశ్రమల్లో అనుకోకుండా పుట్టే విషాలు. వీటి తీరు, పీసీబీల తీరు పాదరసానికి పూర్తిగా వేరు. ఇవి కొవ్వులో కరుగుతాయి. కాబట్టి ఉండేది చర్మం కింద, పొట్ట దగ్గర, వీపు వెంబడి, పక్కల ఉండే నల్లటి కండలో, కాలేయంలో. ఇక్కడ మీ కత్తి పనికొస్తుంది. చర్మం తీసి, పొట్ట దగ్గరి కొవ్వు కోసేసి, కొవ్వు కారిపోయేలా కాల్చుకుంటే గణనీయంగా తగ్గుతాయి. ఆ కారిన కొవ్వుతో పులుసు చేయకూడదు. ఈ రసాయనాలు ఒంట్లో ఏళ్ల తరబడి ఉంటాయి. వాటిలో అన్నిటికన్నా విషపూరితమైన డయాక్సిన్ మన ఒంట్లో సగానికి తగ్గడానికి సుమారు ఏడేళ్లు పడుతుంది. కాబట్టి వీటి విషయంలో గర్భం వచ్చాక కాదు, ఆడపిల్లలు చిన్నప్పటి నుంచే జాగ్రత్తపడాలి. బాల్టిక్ సముద్రపు హెర్రింగ్, సాల్మన్ చేపల విషయంలో స్వీడన్, ఫిన్లాండ్ దేశాలు పిల్లలకూ యువతులకూ ప్రత్యేక సలహాలు ఇచ్చేది ఇందుకే. ఇలాంటి రసాయనాలను అదుపు చేసే అంతర్జాతీయ స్టాక్‌హోమ్ ఒప్పందం 2004లో అమల్లోకి వచ్చాక, అంతకుముందు నుంచే ఉన్న నిషేధాల వల్ల కూడా, ఇవి వాతావరణంలో మెల్లగా తగ్గుతున్నాయి. నాన్‌స్టిక్ పూతల్లో, మంటలార్పే నురగల్లో వాడే పీఫాస్ అనే రసాయనాలు మాత్రం కొవ్వుకు కాక ప్రొటీన్లకు అతుక్కుంటాయి, అక్కడ కత్తి పనిచేయదు. పరిశ్రమలకు, విమానాశ్రయాలకు దగ్గరి చెరువుల్లో, నదుల్లో పట్టిన చేపల్లో ఇవి ఎక్కువ.

కాడ్మియం అనే విషపు లోహాన్ని పీతల్లో చూడాలి. పీత కాళ్లలోని తెల్లటి కండలో అది చాలా తక్కువ. డిప్ప లోపల గోధుమరంగులో ఉండే మెత్తటి గుజ్జులో, అంటే కాలేయంలా పనిచేసే గ్రంథిలో, చాలా ఎక్కువ. కాడ్మియం మన మూత్రపిండాల్లో పదేళ్ల నుంచి ముప్పై ఏళ్ల దాకా ఉండిపోతుంది. కాబట్టి గర్భిణికి, పాపకు తెల్లటి కండ పెట్టండి, ఆ గుజ్జు వద్దు. స్క్విడ్ శుభ్రం చేసేటప్పుడు కడుపులోని భాగాలన్నీ తీసేయడం కూడా ఇందుకే.

ఇక్కడ వార్తల గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే మీలాంటివాళ్ల భయం చాలావరకు అక్కడినుంచే వస్తుంది. "చేపల్లో ప్రమాదకర స్థాయిలో లోహాలు" అన్న వార్త చూస్తే నేను ముందు మూడు విషయాలు వెతుకుతాను. మొదటిది, అంకె తడి బరువుకా, ఎండు బరువుకా? చేప కండలో సుమారు నాలుగింట మూడు వంతులు నీళ్లే. ఆరబెట్టి కొలిస్తే అదే చేపకు నాలుగైదు రెట్లు పెద్ద అంకె వస్తుంది. చట్టాల్లోని హద్దులేమో తడి బరువుకు రాసినవి. రెండింటినీ పక్కపక్కన పెట్టి హద్దు దాటిందని రాసేయడం ఎంత అన్యాయమో చూడండి. రెండోది, పరీక్షించింది కండనా, మొప్పలు, కాలేయాలనా? మనం తినని భాగంలో లోహం ఉంటే అది నీటి కాలుష్యానికి గుర్తు, పళ్లెంలోని ముక్కకు కొలత కాదు. మూడోది ఆర్సెనిక్. సముద్రపు చేపల్లో, రొయ్యల్లో, పీతల్లో మొత్తం ఆర్సెనిక్ ఎప్పుడు కొలిచినా ఎక్కువే వస్తుంది. కానీ అందులో అత్యధిక భాగం ఆర్సెనోబీటైన్ అనే సేంద్రియ రూపం. అది మన ఒంట్లో ఏ మార్పూ చెందకుండా మూత్రంలో వెళ్లిపోతుంది, హాని లేదు. క్యాన్సర్ తెచ్చేది ఇనార్గానిక్, అంటే కార్బన్‌తో కలవని ఆర్సెనిక్. అది చేపల్లో చాలా కొద్దిగా ఉంటుంది. హిజికి అనే సముద్రపు నాచులో మాత్రం నిజంగానే ఎక్కువ, దాన్ని తినవద్దని బ్రిటన్ ఆహార సంస్థ సలహా ఇచ్చింది. మీ ఇంట్లో ఎవరికైనా మూత్రంలో ఆర్సెనిక్ పరీక్ష రాస్తే, అంతకు ముందు మూడు నాలుగు రోజులు సీఫుడ్ ఆపండి. లేకపోతే రిపోర్టు చూసి ఊరికే హడలిపోతారు.

యాంటీబయాటిక్స్ సమస్య పెంపకపు రొయ్యలది, చేపలది. నిషేధించిన వాటిలో ముఖ్యమైనవి క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు. క్లోరాంఫెనికాల్ కొందరిలో ఎముక మజ్జను దెబ్బతీసి ప్రాణాంతకమైన రక్తహీనత తెస్తుంది. ఎంత తక్కువైతే ఫరవాలేదో చెప్పలేం కాబట్టే దానికి సురక్షిత హద్దు అంటూ పెట్టలేదు. 2001, 2002 ప్రాంతాల్లో ఆసియా నుంచి యూరప్ వెళ్లిన రొయ్యల్లో ఇవి బయటపడి సరుకు పెద్దఎత్తున ఆగిపోయింది. అప్పటినుంచి పరీక్షలు బాగా పదునెక్కాయి. యూరప్‌లో 2022 నవంబరు నుంచి క్లోరాంఫెనికాల్ కిలోకు 0.15 మైక్రోగ్రాములు, నైట్రోఫ్యూరాన్ అవశేషాలు 0.5 మైక్రోగ్రాములు దొరికితే చాలు, చర్య తీసుకుంటారు. నైట్రోఫ్యూరాన్ మందు త్వరగానే మాయమవుతుంది, కానీ దాని ముక్కలు కండ ప్రొటీన్లకు అతుక్కుని వారాల తరబడి ఉంటాయి. ల్యాబ్‌లో వెతికేది వాటినే. వంటతో అవి పోవు. ఇంట్లో కూర్చుని మీరు వీటిని కనిపెట్టలేరు. ఎగుమతికి ఉన్నంత గట్టి తనిఖీ స్థానిక మార్కెట్లకు కూడా ఉండాలని వినియోగదారులు అడగాలి, గట్టిగా అడగాలి. నా ఉద్దేశంలో ఇక్కడ పెద్ద ప్రమాదం ముక్కలో మిగిలిన అవశేషం కన్నా, ఆ మందులకు లొంగని బ్యాక్టీరియా చెరువుల్లో తయారవడం.

ఫార్మాలిన్ గురించి. చేప చెడకుండా అది చల్లడం నేరం, దాన్ని ఎవరూ సమర్థించరు. కానీ ఫార్మాలిన్ అంటే నీళ్లలో కలిపిన ఫార్మాల్డిహైడే, అది కొన్ని సముద్రపు చేపల్లో సహజంగానే పుడుతుంది. వాటి కండలో ఉండే టీఎంఏఓ అనే పదార్థం, చేప చనిపోయాక ఎంజైముల వల్ల విరిగి ఫార్మాల్డిహైడ్‌ను ఇస్తుంది. కాడ్ జాతి చేపల్లో ఇది బాగా కనిపిస్తుంది, ఫ్రీజర్‌లో నిల్వ ఉన్నప్పుడు కూడా పెరుగుతుంది. కాబట్టి ఫార్మాలిన్‌ను పట్టుకునే, రంగు మారే పరీక్ష కిట్ చూపించిన ప్రతిదీ కల్తీ అని తేల్చేయలేం. ఆ జాతిలో మామూలుగా ఎంత ఉంటుందో తెలిసిన ల్యాబే చెప్పాలి. ఈగలు వాలకపోతే ఫార్మాలిన్ చల్లారన్న మాటను నమ్ముకోకండి, ఐస్‌లో ఉన్న చేప మీద కూడా ఈగలు పెద్దగా వాలవు. కన్ను లోపలికి పోయి, మొప్పలు వెలిసిపోయి, అయినా ఒళ్లు మాత్రం బిర్రుగా రబ్బరులా ఉండి, చేప వాసనే రాకుండా ఘాటు వాసన వస్తే ఆ చేప వద్దు. ఫార్మాల్డిహైడ్ నీళ్లలో కరుగుతుంది కాబట్టి కడిగితే, ఉడికిస్తే కొంత తగ్గుతుంది. ప్రొటీన్‌కు అతుక్కున్నది పూర్తిగా పోదు.

మీరు అడగనిది ఒకటి చెప్పాలి. చేప తిని నిజంగా ఆస్పత్రికి పరుగెత్తే వాళ్లలో చాలామందికి కారణం హిస్టమిన్. ట్యూనా, కానాగంతలు, కవళ్లు, మాహీ మాహీ లాంటి చేపల కండలో హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ. పట్టిన చేప ఐస్ లేకుండా వేడిలో ఉంటే బ్యాక్టీరియా దాన్ని హిస్టమిన్‌గా మారుస్తాయి. ఒకసారి తయారైతే అంతే. వండినా, ఫ్రీజ్ చేసినా, డబ్బాలో పెట్టినా పోదు. వాసన బాగానే ఉండొచ్చు, రుచి కూడా. కొన్నిసార్లు నాలుక మీద మిరియాల ఘాటులా తగులుతుంది, అలా తగిలితే ఆ ముద్ద వదిలేయండి. తిన్న కొద్ది నిమిషాల నుంచి గంట రెండు గంటల్లో మొహం ఎర్రబడటం, తలనొప్పి, గుండెదడ, దద్దుర్లు, విరేచనాలు వస్తాయి. అచ్చం అలర్జీలాగే ఉంటుంది. దాంతో చాలామంది తమకు చేప పడదనుకుని జన్మంతా మానేస్తారు. అదే పళ్లెంలో తిన్న ఇంకొకరికి ఏమీ కాకపోవచ్చు, ఎందుకంటే ఒకే చేపలో ఒక ముక్కలో ఎక్కువ, ఇంకో ముక్కలో తక్కువ ఉంటుంది. అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంఘం కోడెక్స్ హిస్టమిన్‌కు పెట్టిన హద్దు కిలోకు 200 మిల్లీగ్రాములు. దీనికి మీ చేతిలో ఉన్న మందు చల్లదనం ఒక్కటే. 4 డిగ్రీల లోపు ఉంచండి. ఐస్ మీద లేని కానాగంతలు, ట్యూనా కొనకండి. ఫ్రీజర్‌లోంచి తీసినవి బయట గట్టు మీద కాకుండా ఫ్రిజ్‌లోనే కరగనివ్వండి. ఊపిరి ఆడకపోయినా, కళ్లు తిరిగినా అలర్జీయా హిస్టమినా అని ఆలోచించకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.

ఇంకో రెండు సహజ విషాలు కూడా వంటతో పోవు. పగడపు దిబ్బల దగ్గర తిరిగే పెద్ద బారకుడా, మోరే ఈల్ లాంటి చేపల్లో సిగువాటెరా అనే విషం ఉండొచ్చు. అది తగిలినవాళ్లకు చల్లటి వస్తువు ముట్టుకుంటే కాలినట్టు ఉంటుంది. ఆల్చిప్పలు విషపు నాచును వడగట్టి దాచుకుంటాయి. 1987లో కెనడాలో మస్సెల్స్ అనే గుల్లలు తిని వందమందికి పైగా జబ్బుపడ్డారు, కొందరికి జ్ఞాపకశక్తి పోయింది. సముద్రం రంగు మారిన రోజుల్లో ఎవరో ఏరి తెచ్చిన గుల్లలు తినకండి.

సముద్రపుదా, పెంచినదా అన్నదానికి నేను ఒకటే వైపు మొగ్గలేను. పెంచిన చేప తక్కువ కాలంలో పెరుగుతుంది కాబట్టి పాదరసం తక్కువ, మందుల బెడద ఎక్కువ. సముద్రపు చిన్న చేపకు ఈ రెండు బాధలూ లేవు, ఐస్ సంగతి మాత్రం చూసుకోవాలి. ఫ్యాక్టరీల దిగువన నదిలో, చెరువులో పట్టిన చేప గర్భిణికి వద్దు.

మీ ఇంటికి వస్తే, మీ భార్యకు వారానికి రెండు మూడు సార్లు, పూటకు 110 గ్రాముల దాకా చిన్న చేపలు, సాల్మన్, రొయ్యలు పెట్టండి. సొర, కత్తిచేప, కింగ్ మాకెరెల్, మార్లిన్, బిగ్‌ఐ ట్యూనా బిడ్డ పుట్టి పాలు మానేదాకా వద్దు. పచ్చి చేప, ఫ్రిజ్‌లో అమ్మే స్మోక్డ్ చేప కూడా వద్దు, అది రసాయనం గొడవ కాదు, లిస్టీరియా బ్యాక్టీరియా భయం. పాపకు వారానికి రెండుసార్లు, పూటకు 55 గ్రాములు చాలు. గర్భం అని తెలియకముందు ఎప్పుడో ఒకసారి సొర తిని ఉంటే దానికి బెంగపడకండి. మిథైల్ మెర్క్యురీ రక్తంలో సగానికి తగ్గడానికి యాభై రోజులు అటూ ఇటూ పడుతుంది, ఒక్క పూటతో అది పేరుకుపోదు. అలాంటి పెద్ద చేపలు నెలల తరబడి తరచూ తిని ఉంటే మాత్రం డాక్టరుకు ఆ మాట చెప్పి, రక్తంలో పాదరసం పరీక్ష చేయించండి.